జిమ్‌లో పాటలు: ముందు చెవి సంగతి, తర్వాతే ప్లేయర్

ప్రశ్న: వారానికి ఐదు రోజులు జిమ్‌కి వెళ్తున్నాను. ఉన్న గంటలో సగం ట్రెడ్‌మిల్, సగం బరువులు. పాటలు లేకపోతే నాకు కాళ్ళు కదలవు. ఇప్పటిదాకా ఫోన్‌లోనే వింటున్నాను. పరిగెత్తేటప్పుడు ఎడమ ఇయర్‌బడ్ జారిపోతోంది. మొన్న ట్రెడ్‌మిల్ బెల్టు మీద పడి వెనక్కి ఎగిరిపోయింది, వెతుక్కోవాల్సి వచ్చింది. సెట్ మధ్యలో కాల్స్, మెసేజ్‌లు. జిమ్ వాళ్ళు స్పీకర్లలో పాటలు గట్టిగా పెడతారు, దాంతో నేనూ సౌండ్ పెంచేస్తున్నాను. బట్టలకి తగిలించుకునే చిన్న క్లిప్ ప్లేయర్ కొందామని ఉంది. మా తమ్ముడు ఎముక ద్వారా వినిపించే బోన్ కండక్షన్ ఇయర్‌ఫోన్స్ కొనమంటాడు. జిమ్‌లో తోటివాళ్ళు బయటి మోతని తగ్గించే నాయిస్ క్యాన్సిలింగ్ బడ్స్ తీసుకోమంటున్నారు. నాకు కళ్ళజోడు ఉంది. నా పాటలు చాలావరకు స్ట్రీమింగ్ యాప్‌లో డౌన్‌లోడ్ చేసుకున్నవే, పాత ల్యాప్‌టాప్‌లో కొన్ని ఎంపీత్రీలు కూడా ఉన్నాయి. ఆదివారాలు రోడ్డు మీద పరిగెడతాను. ఏం కొంటే మంచిది?
ఒక పాఠకురాలు

సమాధానం: మీరు ముఖ్యంగా అడిగింది ప్లేయర్ గురించి. కానీ ఉత్తరంలో మీరు చెప్పిన ఇబ్బందుల్లో పెద్దవి రెండూ, బడ్ జారిపోవడం, సౌండ్ పెంచాల్సి రావడం, ప్లేయర్ మారిస్తే పోయేవి కావు. చెవిలో పెట్టుకున్నది సరిగ్గా కుదరకపోవడం వల్ల వచ్చినవి. అందుకే డబ్బు ముందు ఇయర్‌ఫోన్స్ మీద పెట్టండి. ప్లేయర్ కొన్నాళ్ళు ఆగినా నష్టం లేదు. బహుశా దాని అవసరమే పడదు.

చెవి రంధ్రం అందరికీ ఒకలా ఉండదు. ఒకే మనిషికి కుడిచెవికీ ఎడమచెవికీ కూడా తేడా ఉంటుంది. మీకు ఒక బడ్ నిలబడి, రెండోది జారిపోవడానికి చాలావరకు కారణం ఇదే. ఇయర్‌ఫోన్స్ పెట్టెలో మామూలుగా మూడు సైజుల సిలికాన్ టిప్స్, అంటే బడ్ కొసకి తొడిగే మెత్తటి తొడుగులు, ఇస్తారు. చాలామంది కంపెనీ తొడిగి పంపిన మధ్య సైజుతోనే సరిపెట్టుకుంటారు, మిగతావి పెట్టె అడుగున అలాగే ఉండిపోతాయి. జారుతున్న వైపు ఒక సైజు పెద్దది తొడిగి చూడండి. కుడికి ఒకటి, ఎడమకి ఇంకొకటి పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. పెద్దది నొప్పి పెడితే మాత్రం దానితో కుస్తీ పట్టకండి. ఆ చెవికి ఆ ఆకారం పడదని అర్థం, వేరే మోడల్ చూసుకోవాలి.

పెట్టుకోవడానికీ ఒక పద్ధతి ఉంది. ఎడమ బడ్ పెట్టుకునేటప్పుడు కుడిచేతిని తల వెనకనుంచి తెచ్చి ఎడమచెవి పైభాగాన్ని కాస్త పైకీ వెనక్కీ లాగండి. అలా లాగితే వంకరగా ఉండే చెవి దారి కొంచెం తిన్నగా అవుతుంది. బడ్ లోపలికి పెట్టి, కొద్దిగా తిప్పి, చెవి వదిలేయండి. ఇప్పుడు బేస్, అంటే లోగొంతు దరువు, బాగా ఉన్న పాట ఒకటి పెట్టి, బడ్‌ని వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. నొక్కగానే బేస్ ఒక్కసారిగా పెరిగిందంటే అప్పటిదాకా ఎక్కడో సందు ఉందన్నమాట. పెరగలేదంటే టిప్ సరిగ్గా మూసుకుంది. ఆ తర్వాత నోరు బాగా తెరిచి మూయండి, తల అటూ ఇటూ ఊపండి, ఉన్నచోటే నాలుగుసార్లు గెంతండి. దవడ కదిలినప్పుడల్లా చెవి దారి ఆకారం మారుతుంది. బరువు ఎత్తేటప్పుడు పళ్ళు బిగించే అలవాటు ఉన్నవాళ్ళకి బడ్స్ ఊడిపోయేది అందుకే.

ఈ సందు గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. టిప్ పక్కన చిన్న ఖాళీ ఉన్నా ముందుగా పోయేది బేసే. వ్యాయామానికి ఊపు ఇచ్చేది ఆ దరువే కదా, అది పలచబడగానే మన చెయ్యి సౌండ్ మీదకి పోతుంది. అదే సందులోంచి జిమ్ స్పీకర్ల మోత లోపలికి వస్తుంది, దాన్ని ముంచెయ్యడానికి ఇంకొంచెం పెంచుతాం. మీరు 'నేనూ సౌండ్ పెంచేస్తున్నాను' అని రాసింది సరిగ్గా ఇదే. టిప్ గట్టిగా మూసుకుంటే బయటి మోత చాలావరకు అక్కడే ఆగిపోతుంది, తక్కువ సౌండ్‌లోనే పాట నిండుగా వినిపిస్తుంది.

ఎంత సౌండ్ అయితే ఎక్కువ అన్నదానికి లెక్క ఉంది. పెద్దవాళ్ళకి వారానికి 40 గంటల పాటు 80 డెసిబెల్స్ దాకా పర్వాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. డెసిబెల్స్ మామూలు అంకెల్లా పెరగవు. 3 డెసిబెల్స్ పెరిగితే చెవిలోకి వెళ్ళే శబ్దశక్తి రెట్టింపవుతుంది, వినదగ్గ సమయం సగానికి పడిపోతుంది. అంటే 83 దగ్గర వారానికి 20 గంటలు, 86 దగ్గర 10 గంటలు, 89 దగ్గర 5 గంటలు. మీరు రోజుకో గంట చొప్పున ఐదు రోజులు వెళ్తున్నారు. 89 దగ్గర విన్నారంటే వారం కోటా అంతా జిమ్‌లోనే అయిపోయినట్టు. ప్రయాణంలో విన్నవి, సినిమాలు, హెడ్‌ఫోన్స్‌తో మాట్లాడిన ఫోన్లు అన్నీ దాని పైన అదనం. గోల ఉన్న చోట 89 దాటడం పెద్ద విషయం కాదు, దాటినట్టు మనకి తెలియదు కూడా.

ఐఫోన్‌లో హెల్త్ యాప్ హెడ్‌ఫోన్ సౌండ్ ఎన్ని డెసిబెల్స్ ఉందో రాసిపెడుతుంది, ఒకసారి తెరిచి చూసుకోండి. మీ ఫోన్‌లో ఆ సౌకర్యం లేకపోతే చెవులే చెబుతాయి. జిమ్ నుంచి బయటికి వచ్చాక చెవుల్లో గుయ్‌మని మోగుతున్నా, ఎదుటివాళ్ళ మాటలు దూది అడ్డం పెట్టినట్టు వినిపిస్తున్నా ఆరోజు సౌండ్ మరీ ఎక్కువైందన్నమాట. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే సన్నని కణాలు ఒకసారి చచ్చిపోతే మళ్ళీ పుట్టవు. ఆ మోత మాటిమాటికీ వస్తున్నా, ఒకటి రెండు రోజులైనా తగ్గకపోయినా చెవి డాక్టరుకి చూపించండి.

నేను అందరికీ చెప్పే చిన్న అలవాటు ఒకటుంది. సౌండ్‌ని జిమ్ హాల్లోకి అడుగుపెట్టాక కాకుండా, బట్టలు మార్చుకునే గదిలో, నిశ్శబ్దంగా ఉన్నచోట సర్దుకోండి. ఆ తర్వాత దాన్ని ముట్టుకోకండి. హాల్లోకి వెళ్ళాక పాట వినపడటం లేదనిపిస్తే వాల్యూమ్ బటన్ జోలికి పోకుండా ముందు టిప్ సరిచేసుకోండి.

ఇక ఏ రకం అన్న సంగతి. సిలికాన్ టిప్ లేకుండా, ఉత్త ప్లాస్టిక్‌తో చెవి గిన్నెలో ఊరికే కూర్చునే రకం మీకు వద్దు. అవి చెవిని మూయవు, చెమట పట్టగానే జారతాయి. తల మీదుగా వచ్చే పెద్ద హెడ్‌ఫోన్స్ బరువులకి మాత్రమే పరిమితమైనవాళ్ళు కొందరు ఇష్టపడతారు. కానీ వాటి మెత్తలు చెమట పీల్చి వాసన పడతాయి, బెంచి మీద వెల్లకిలా పడుకుంటే బ్యాండ్ వెనక్కి జారుతుంది, పరిగెత్తితే తల మీద ఎగురుతుంది. నెక్‌బ్యాండ్‌లో ఒక మంచి ఉంది, బడ్ ఊడినా మెడకి వేలాడుతుంది, బెల్టు మీద పడదు. అయితే పరుగులో మెడ మీద ఊగుతూ ఉంటుంది, బెంచి మీద పడుకుంటే మెడ కింద నలుగుతుంది. మీది సగం పరుగు, సగం బరువులు కాబట్టి రెండు చోట్లా చికాకే.

చెవి వెనక్కి చుట్టుకునే హుక్ ఉన్న బడ్స్ పరుగుకి అన్నిటికన్నా గట్టి పట్టు. కళ్ళజోడు లేకపోతే మీకు కళ్ళు మూసుకుని అవే చెప్పేదాన్ని. చెవి పైన కళ్ళజోడు కాడ, హుక్ రెండూ ఒకే చోట కూర్చోవాలి. కాడ సన్నగా ఉంటే సర్దుకుంటాయి, లావుగా ఉంటే అరగంటకల్లా చెవి పైభాగం నొప్పెడుతుంది. అందుకని మీకు నేను చెప్పేది చెవి గిన్నె లోపలి మడతలో ఇరుక్కునేలా చిన్న రబ్బరు రెక్క ఉన్న బడ్స్. వింగ్ అనో ఫిన్ అనో పెట్టె మీద రాస్తారు. అది బడ్ బరువుని చెవి గిన్నె మీద మోపుతుంది, టిప్‌కి మూసే పని ఒక్కటే మిగులుతుంది. కళ్ళజోడుకి అడ్డం రాదు. కొనేముందు మీ కళ్ళజోడు పెట్టుకునే వేసి చూడండి.

మీ తమ్ముడు చెప్పిన బోన్ కండక్షన్ మంచి వస్తువే, కానీ మీ జిమ్‌కి కాదు. అది చెవి ముందు ఎముక మీద కూర్చుని, ఆ ఎముకనే కదిపి శబ్దాన్ని లోపలి చెవికి పంపుతుంది. చెవి దారి తెరిచే ఉంటుంది. రోడ్డు మీద అది వరం, వెనకనుంచి వచ్చే బండి వినిపిస్తుంది. జిమ్‌లో అదే దాని ఇబ్బంది. స్పీకర్ల మోత నేరుగా చెవిలోకి వస్తూ ఉంటే మీ పాట దానితో పోటీ పడాలి. బేస్ ఎలాగూ తక్కువ, పెంచితే చెంప మీద చక్కిలిగింతలా వణుకుతుంది. బెంచి మీద పడుకుంటే తల వెనక బ్యాండ్ బెంచికి తగులుతుంది. కర్ణభేరిని తప్పించుకుంటుంది కాబట్టి ఎంత సౌండ్ పెట్టినా చెవికి ఏమీ కాదని కొందరు నమ్ముతారు. అది నిజం కాదు. దెబ్బతినేది లోపలి చెవి, శబ్దం ఏ దారిన వచ్చినా చేరేది అక్కడికే.

నాయిస్ క్యాన్సిలింగ్ గురించి మీ తోటివాళ్ళు చెప్పింది సగం నిజం. ట్రెడ్‌మిల్ మోటారు, ఫ్యాన్లు, ఏసీ లాంటి ఆగకుండా వచ్చే లోగొంతు హోరుని అది బాగా తగ్గిస్తుంది. ఇనుప ప్లేట్లు ఢంగుమన్న చప్పుడు, మాటలు, పాటలో పైస్థాయి గొంతులు అంతగా ఆగవు. వాటిని ఆపేది టిప్. పరిగెత్తేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. చెవి గట్టిగా మూసి ఉంటే మన అడుగుల చప్పుడు ఒంట్లోంచి పైకి వచ్చి చెవిలో దబ్ దబ్‌మని వినిపిస్తుంది. కొన్ని బడ్స్‌లో క్యాన్సిలింగ్ వేస్తే ఆ దబ్బు ఇంకా గట్టిగా అవుతుంది. మీకు అలా అనిపిస్తే ట్రెడ్‌మిల్ మీద క్యాన్సిలింగ్ ఆపేసి, బరువుల దగ్గర వేసుకోండి. ఉంటే మంచిదే, దాని కోసమే ఎక్కువ డబ్బు పొయ్యనక్కర్లేదు.

దానికన్నా మీకు పనికొచ్చేది బయటి శబ్దాన్ని లోపలికి వినిపించే మోడ్. ట్రాన్స్‌పరెన్సీ అనో యాంబియంట్ అనో అంటారు. ఆదివారం రోడ్డు మీద అది వేసుకుని పరిగెత్తండి. రద్దీ ఎక్కువున్న రోడ్డయితే ఒక్క చెవిలోనే పెట్టుకోండి, అదీ రోడ్డు వైపు కాని చెవిలో. జిమ్‌లో కూడా, బరువైన బార్ ఎత్తేటప్పుడు పక్కన ఎవరైనా సాయం నిలబడితే, ఆ సెట్‌కి ఈ మోడ్‌లోకి మారండి. ఆ మనిషి 'ఆపండి' అంటే మీకు వినపడాలి.

చెమట విషయంలో పెట్టె మీద ఐపీ అని ఒక కోడ్ ఉంటుంది. అందులో మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీటికి. అంకె బదులు ఎక్స్ అని ఉంటే ఆ పరీక్ష ఫలితం చెప్పలేదని అర్థం, సున్నా అని కాదు. ఐపీఎక్స్4 అంటే అన్ని వైపులనుంచీ చిందే నీటిని తట్టుకుంటుంది. జిమ్‌కి అది కనీసం ఉండాలి. ఐపీఎక్స్5 అంటే సన్నటి ధారని తట్టుకుంటుంది, బాగా చెమట పట్టేవాళ్ళు ఇది చూసుకోవాలి. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా పర్వాలేదు. అయితే ఈ పరీక్షలన్నీ మంచినీటితో చేసేవి. చెమటలో ఉప్పు ఉంటుంది, చర్మం మీది జిడ్డు ఉంటుంది. నా అనుభవంలో జిమ్ బడ్స్ చచ్చిపోయేది ఎక్కువగా లోపలికి నీళ్ళు పోయి కాదు, ఛార్జింగ్ పిన్నులు పచ్చగా తుప్పుపట్టి. తడిగా ఉన్న బడ్‌ని డబ్బాలో పెట్టి మూత వేస్తే, ఆ తడిలోనే కరెంటు పారుతుంది, పిన్ను త్వరగా తినేస్తుంది. పైగా ఐపీ కోడ్ చాలాసార్లు బడ్స్‌కే, డబ్బాకి ఉండదు. జిమ్ అయ్యాక పొడిగుడ్డతో తుడిచి, బయట కాసేపు ఆరనిచ్చి, అప్పుడు డబ్బాలో పెట్టండి. వారెంటీ కాగితంలో చెమట వల్ల పాడైతే ఒప్పుకుంటారో లేదో ఒక్క వాక్యం ఉంటుంది, చదివి కొనండి.

టిప్స్‌ని వారానికోసారి బడ్ నుంచి ఊడదీసి సబ్బునీళ్ళతో కడిగి పూర్తిగా ఆరబెట్టండి. ఒకవైపు సౌండ్ తగ్గినట్టు అనిపిస్తే కొత్తవి కొనే ముందు ఆ చిన్న జాలీ మీద గులిమి అంటుకుందేమో వెలుతురులో చూడండి. చాలాసార్లు అంతే ఉంటుంది. నురుగులా మెత్తగా ఉండే ఫోమ్ టిప్స్ చెవిని ఇంకా బాగా మూస్తాయి కానీ చెమట పీలుస్తాయి, త్వరగా మార్చాల్సి వస్తుంది. జిమ్‌కి సిలికానే మేలు.

ఇంకొక్కటి, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. నొక్కితే కదిలే నిజమైన బటన్ ఉన్న బడ్స్ చూడండి. తాకితే పనిచేసే రకం జిమ్‌లో విసిగిస్తుంది. కణత మీదనుంచి కారిన చెమట చుక్క చెవి ముందు మడతలో దిగి, బడ్ మీదకి పాకి, వేలు తగిలిందనుకుని పాట ఆపేస్తుంది. తడివేలితో మళ్ళీ పెట్టబోతే పలకదు. బటన్‌ని నొక్కేటప్పుడు మాత్రం బడ్ చెవిలోకి దిగబడకుండా, పైనుంచి కిందికి నొక్కేలా ఉన్నది అయితే హాయి.

ఇప్పుడు ప్లేయర్. జిమ్ కోసమే పుట్టినట్టుండే ప్లేయర్ అంటే చాలామందికి గుర్తొచ్చేది ఆపిల్ వాళ్ళ ఐపాడ్ షఫుల్. 2005లో స్క్రీన్ లేకుండా వచ్చింది, 2006లో దానికి క్లిప్ పెట్టారు. 2009లో పైన ఉన్న పాట మార్చే బటన్లన్నీ తీసేసి ఇయర్‌ఫోన్ వైరు మీదకి మార్చారు. మరుసటి ఏడాదే బటన్లు తిరిగి ప్లేయర్ మీదకి వచ్చాయి. చూడకుండా వేలితో తడిమి పాట మార్చగలగడం ఎంత ముఖ్యమో దాన్నిబట్టే తెలుస్తుంది. 2017లో షఫుల్‌ని ఆపేశారు, 2022లో ఐపాడ్ వరసలో మిగిలిన ఆఖరిదాన్నీ ఆపేశారు. ఇప్పుడు ఎవరైనా వాడిన షఫుల్ అమ్మజూపితే మోజుపడకండి. అందులో బ్యాటరీ ఏళ్ళనాటిది, మార్చడం కష్టం. క్లిప్ ప్లేయర్లు శాన్‌డిస్క్ లాంటి కంపెనీలవి వచ్చాయి, ఊరూపేరూ లేనివి కూడా చాలా ఉన్నాయి.

కానీ మీ విషయంలో తేల్చాల్సింది మోడల్ పేరు కాదు, మీ పాటలు ఎక్కడున్నాయన్నది. స్ట్రీమింగ్ యాప్‌లో 'డౌన్‌లోడ్' చేసిన పాట మామూలు ఫైల్ కాదు. తాళం వేసి ఉంటుంది, ఆ యాప్‌లో తప్ప ఎక్కడా పాడదు. దాన్ని క్లిప్ ప్లేయర్‌లోకి ఎక్కించలేరు. ఈ సంగతి తెలియక ప్లేయర్ కొని, ఇంటికి తెచ్చాక నిరాశపడ్డవాళ్ళ ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. క్లిప్ ప్లేయర్‌కి కావాల్సింది మీరు కొనుక్కున్న ఎంపీత్రీలు, మీ సీడీలనుంచి ఎక్కించుకున్నవి, మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నటువంటివి.

కాబట్టి ముందు ల్యాప్‌టాప్ తెరిచి చూడండి. పరుగుకీ బరువులకీ పనికొచ్చేవి వంద పాటలు దొరికితే అది ఆరు గంటల పైమాటే, మీ వారానికి సరిపోతుంది. జాగా గురించి బెంగ వద్దు. ఎంపీత్రీ నాణ్యతని చెప్పే అంకె 128 కేబీపీఎస్ అయితే నిమిషానికి దాదాపు ఒక మెగాబైట్, 4 జీబీ ప్లేయర్‌లో 60 గంటల పైన పడతాయి. హై-రెజల్యూషన్ ఆడియో, ఎల్‌డ్యాక్ (బ్లూటూత్‌లో ఎక్కువ నాణ్యతతో పాట పంపే పద్ధతి) అని పెట్టె మీద పెద్దక్షరాలతో రాసినవాటికి జిమ్ కోసం ఎక్కువ పెట్టకండి. మోటారు హోరులో, ఆయాసపడుతున్న మనిషికి ఆ తేడా తెలియదు. పాత పాట మెల్లగా, కొత్త పాట గట్టిగా వచ్చి మాటిమాటికీ వాల్యూమ్ మార్చాల్సి వస్తోందంటే, ఎంపీత్రీగెయిన్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో అన్నిటినీ ఒకే సౌండ్‌కి తెచ్చి ఎక్కించుకోండి. చెవికి కూడా అదే క్షేమం.

పాటలు సరిపడా ఉండి క్లిప్ ప్లేయర్ కొనేటట్టయితే చేత్తో పట్టుకుని చూడాల్సినవి కొన్నే. పాట మార్చే బటన్, వాల్యూమ్ బటన్ కళ్ళు మూసుకుని తడిమినా వేరువేరుగా తెలియాలి. బట్ట రాసుకుంటే బటన్లు నొక్కుకుపోకుండా లాక్ ఉండాలి. ఆపిన చోటునుంచే మళ్ళీ మొదలవ్వాలి. ఫోల్డర్లుగా పాటలు పెట్టుకునే వీలుండాలి. వార్మప్‌కి ఒకటి, పరుగుకి ఒకటి, బరువులకి ఒకటి అని మూడు ఫోల్డర్లు చేసుకుంటే జిమ్‌లో పాట వెతకడం అన్న పనే ఉండదు. స్క్రీన్ ఎంత పెద్దదన్నది పట్టించుకోకండి. బ్లూటూత్ ఉన్నవి, లేనివి రెండూ ఉంటాయి, అట్ట మీద చదవండి. లేనిదైతే వైరు ఇయర్‌ఫోన్స్ కావాలి. నిజానికి కాలర్‌కి తగిలించుకునే ప్లేయర్‌కి పొట్టి వైరు బాగానే నప్పుతుంది. ఛార్జింగ్ గొడవ లేదు, సిగ్నల్ తెగిపోదు. పొడుగు వైరైతే చొక్కా లోపలినుంచి తీసుకోండి, బయట వేలాడితే కేబుల్ మెషీన్‌కో డంబెల్‌కో చుట్టుకుంటుంది. వైరుని చెవి పైనుంచి తిప్పి పెట్టుకుంటే బట్టకి రాసుకున్న గరగర చప్పుడు చెవిలోకి తక్కువగా వస్తుంది.

ఇంకో దారి స్మార్ట్‌వాచ్. ఆపిల్ వాచ్‌లోనూ, పేరులో మ్యూజిక్ అని ఉన్న గార్మిన్ వాచీల్లోనూ స్పాటిఫై లాంటి యాప్‌ల పాటలు డౌన్‌లోడ్ చేసుకుని, ఫోన్ లేకుండానే వినొచ్చు. మీ దగ్గర ఇప్పటికే అలాంటి వాచ్ ఉంటే ఇంక ప్లేయర్ ఊసే వద్దు. పాటల కోసమే కొనడం మాత్రం దండగ. హెడ్‌ఫోన్‌లోనే పాటలు నిలవుంచే రకం కూడా ఉంది. సోనీ వాక్‌మన్ ఎన్‌డబ్ల్యు-డబ్ల్యుఎస్413, షాక్స్ ఓపెన్‌స్విమ్ అలాంటివే. అవి ముఖ్యంగా ఈతకి, ఎందుకంటే బ్లూటూత్ రేడియో తరంగాలు నీటిలో ముందుకు పోవు. మీరు ఈత మొదలుపెడితే అప్పుడు చూద్దాం.

నా మాటగా అడిగితే, మీరు ముందు ఒక పాత ఫోన్ వెతకండి. ఇంట్లో ఎవరో ఒకరు వాడి పక్కన పడేసింది, సిమ్ లేనిది చాలు. అందులో మీ స్ట్రీమింగ్ యాప్ పెట్టి, ఇంటి వైఫైలో పాటలు డౌన్‌లోడ్ చేసుకోండి. కాల్స్ రావు, మెసేజ్‌లు రావు, మీ పాటలన్నీ ఉంటాయి, పైసా ఖర్చు లేదు. అప్పుడప్పుడు నెట్‌కి తగిలించాలి, స్పాటిఫై అయితే కనీసం 30 రోజులకోసారి, లేకపోతే డౌన్‌లోడ్ చేసినవి పలకవు. పాత ఫోన్ దొరక్కపోతే మీ ఫోన్‌నే విమానం మోడ్‌లో పెట్టి, బ్లూటూత్ ఒక్కటి తిరిగి ఆన్ చేయండి. కాల్ తప్పిపోతుందని టెన్షన్ ఉంటే డూ నాట్ డిస్టర్బ్ పెట్టి, ఇంట్లోవాళ్ళ నంబర్లు మాత్రం మోగేలా వదలండి.

ఫోన్‌ని ఎక్కడ పెట్టుకుంటారన్నది కూడా చూసుకోండి. బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలని నీరు పీల్చేస్తుంది, మన ఒళ్ళు ఎక్కువగా నీరే. అందువల్ల ఎడమ జేబులోని ఫోన్‌నుంచి కుడి బడ్‌కి సిగ్నల్ చేరడానికి ఒళ్ళే అడ్డం. పైగా జిమ్‌లో అందరి బడ్స్, వాచీలు, వైఫై అదే గాలిలో కొట్టుకుంటూ ఉంటాయి. పాట తెగుతూ ఉంటే ఫోన్‌ని రెండోవైపు జేబులోకి మార్చి చూడండి. చేతికి కట్టుకునే పట్టీ కన్నా నడుముకి బిగుతుగా ఉండే బెల్టు పర్సు నయం. చేతి కండకి కట్టింది బరువు ఎత్తినప్పుడల్లా జారుతుంది. నేల మీదా బెంచి కిందా మాత్రం ఫోన్ పెట్టకండి, ఎవరి ప్లేటు ఎప్పుడు దిగుతుందో తెలియదు.

ఇలా ఒక నెల చూడండి. అప్పటికీ కాలర్‌కి తగిలించుకునే చిన్న ప్లేయరే కావాలనిపిస్తే, ల్యాప్‌టాప్‌లో వంద పాటలు తేలితే, నిస్సంకోచంగా కొనుక్కోండి. అలా అన్నిటినుంచీ దూరంగా, పాట తప్ప ఇంకేమీ లేని గంట కావాలనుకోవడం నాకు బాగా అర్థమవుతుంది.

ఇయర్‌ఫోన్స్ కొనేముందు ఒక్కమాట అడగండి: చెవిలో పెట్టి వాడాక కూడా వెనక్కి తీసుకుంటారా, ఎన్ని రోజుల్లోపు? శుభ్రత పేరుతో కొందరు తీసుకోరు. తీసుకునేచోటే కొనండి. ఆ గడువులోపల కనీసం ఒక పూర్తి రోజు మీ మామూలు వ్యాయామం చేయండి, పరుగు, బెంచి, చెమట అన్నీ, కళ్ళజోడుతో. టిప్స్ అన్నీ మార్చి చూశాక కూడా ట్రెడ్‌మిల్ మీద మాటిమాటికీ చెయ్యి చెవి దగ్గరికి వెళ్తోందంటే, అలవాటవుతుందిలే అని ఉంచుకోకండి. మర్నాడే వెనక్కి ఇచ్చేయండి.